పత్తిచేల పొగ, మిరపయార్డు ధూళి



వాయుకాలుష్యమను మాట చెవినిబడగానే మన తలపులు ఉత్తరాపథమునకు మరలి, కార్తిక మార్గశిరములలో ఢిల్లీ నగరమును కప్పివేయు పొగమంచునందో, లేక విశాఖ రేవు చుట్టుపట్లనున్న కర్మాగారముల పొగగొట్టములయందో నిలిచిపోవుట పరిపాటియైనది. కృష్ణకు దక్షిణమున, పల్నాటి గుట్టల అంచు మొదలుకొని ఒంగోలు సముద్రతీరము వరకు పరచుకొన్న ఈ నల్లరేగడి మైదానములలో, పత్తియు మిరపయు పొగాకును కనుచూపుమేర నిండియుండు ఈ పల్లెసీమలలో, గాలి చెడిపోవుటకు తావెక్కడిదని అడుగువారు నేటికిని కలరు. వారికి ఒక్క విషయము మనవిచేసెదను. భారత ప్రభుత్వము 2019వ సంవత్సరమున జాతీయ పరిశుభ్ర వాయు కార్యక్రమమును ఆరంభించి, గాలిలోని ధూళి నిర్ణీత ప్రమాణమును మించిన నగరములను ఏర్చి పట్టిక కట్టగా, దానిలో చేరిన 13 ఆంధ్ర నగరములలో గుంటూరును ఒంగోలును రెండును కలవు.

ఆ ప్రమాణమేదో ముందుగా చెప్పవలెను. ఘనమీటరు గాలిలో 10 మైక్రానులకు మించని ధూళి సంవత్సరపు సగటున 60 మైక్రోగ్రాములును, అంతకంటె సూక్ష్మమైన 2.5 మైక్రానుల ధూళి 40 మైక్రోగ్రాములును దాటరాదని మన దేశము 2009లో నియమము చేసికొన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన సూచనలను సవరించి, ఆ రెంటికిని వరుసగా 15, 5 మైక్రోగ్రాములే హద్దు అనినది. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షలవ వంతు. మైక్రాననగా మిల్లీమీటరులో వేయవ వంతు. ఇంత స్వల్పమైన వస్తువునకు ఇంత భయమేలయని తోచవచ్చును. కాని భయమంతయు ఆ స్వల్పతయందే యున్నది. కంటికి కనబడు దుమ్మును ముక్కు అడ్డగించును. ఒకింత లోనికి పోయినను శ్వాసనాళములలోని జిగురు దానిని పట్టుకొని, దగ్గురూపమున వెలికి నెట్టును. పది మైక్రానుల రేణువు శ్వాసనాళపు కొమ్మలదాక పోగలదు. తలవెండ్రుక లావులో ముప్పదవ వంతు ప్రమాణముగల రేణువు ఊపిరితిత్తుల చివరనున్న గాలిగదులను చేరును. వానిలోను అతిసూక్ష్మమైనవి నెత్తురులోనికి దిగిపోవును. అందువలననే పొగ పీల్చినవానికి ఉబ్బసమో విడువని దగ్గో పట్టుకొనుటతో హాని ముగియుటలేదు; గుండెపోటునకును పక్షవాతమునకును ఆ పొగ హేతువగుచున్నదని వైద్యశాస్త్రము నేడు నిస్సంశయముగా చెప్పుచున్నది.

నగరములలో ఈ ధూళికి వాహనములు, రోడ్లమీది మన్ను, కట్టడపు పనులు, చెత్తకుప్పల మంటలు కారణములగుట ప్రసిద్ధమే; గుంటూరు, ఒంగోలు పట్టణములు వానికి మినహాయింపులు గావు. వానినిగూర్చి వినని శ్రోతలుండరు గనుక నేను వాని జోలికి పోను. నేను చెప్పదలచినది వేరు. ఈ సీమలో గాలి చెడుట పంటతోడనే ముడివడియున్నది. చేనిమీద మందు చల్లుట మొదలుకొని, కల్లములో ఆరబోయుట, యార్డులో తూచుట, మిల్లులో గింజ తీయుట, తుదకు మిగిలిన కట్టెను పొయ్యిలోనో పొలములోనో కాల్చుట వరకు, ప్రతి మజిలీయందును గాలిలోనికి ఏదో ఒకటి చేరుచున్నది. దానిని అందరికంటె ముందుగా, అందరికంటె ఎక్కువగా పీల్చువారు ఆ పంటను పండించినవారును, దానిపై కూలిచేసి బ్రదుకువారును. ఎవరి కష్టముచేత ఈ జిల్లాలకు పేరు వచ్చినదో వారి ఊపిరియే ఆ పేరునకు మూల్యమగుచున్నదని నాకు తోచుచున్నది.

మిరపతో మొదలుపెట్టుదము. మాఘమాసము వచ్చినదిమొదలు ఎండలు ముదురువరకు గుంటూరు మిరపయార్డు రాత్రింబవళ్ళు నిద్రింపదు. ఆసియాఖండములోనే అతిపెద్ద మిరప విపణిగా ప్రసిద్ధికెక్కిన ఆ యార్డునకు గుంటూరు, పల్నాడు, ప్రకాశము, బాపట్ల సీమలనుండియే గాక, తెలంగాణము, కర్ణాటకము, రాయలసీమలనుండి సయితము లారీలు వరుసకట్టి వచ్చును. వ్యాపారులు టిక్కీలని పిలుచు గోనెబస్తాలు గోడలవలె పేర్చబడును. సరుకు అమ్ముడుపోవువరకు రైతు ఆ బస్తాల నడుమనే కూర్చుండి, అచ్చటనే తిని, అచ్చటనే పండుకొనును. బస్తా విప్పి కాయను చూపునప్పుడు, కాటాకు ఎత్తునప్పుడు, మరల కట్టి లారీకి విసరునప్పుడు, ఎండిన కాయనుండి పొరలు చిట్లి సన్నని ఎర్రని ధూళి లేచి గాలిలో నిలుచును. దారినపోవువారికి అది తుమ్ములతోను కంటినీటితోను తీరిపోవును. హమాలీకి అది పనిగంటలన్నియు పీల్చవలసిన గాలి.

మిరపకారము నోటికి మాత్రమే మంటయని మనము తలంతుము. కాయలో గింజలంటియుండు తెల్లని పొరలో మెండుగానుండు కాప్సైసిన్ అను ద్రవ్యము, మన శరీరములో వేడిని గుర్తించు నాడుల ద్వారములనే తట్టును. అందుచేతనే కారము కాలినట్లు తోచును. ఆ ద్వారమును డేవిడ్ జూలియస్ అను శాస్త్రవేత్త కాప్సైసిన్‌నే సాధనముగా గొని 1997లో కనుగొనెను. 2021వ సంవత్సరపు వైద్యశాస్త్ర నోబెల్ బహుమానమును పంచుకొన్న ఇరువురిలో ఆయన యొకరు. అట్టి నాడులు నాలుకయందే గాక, ముక్కునందును గొంతుకయందును శ్వాసనాళముల పొడవునను కలవు. వైద్యులు దగ్గును పరీక్షించుటకు రోగిచేత కాప్సైసిన్ తుంపరలను పీల్పించెదరన్నచో, యార్డులో పనిచేయువారు దినదినమును ఎట్టి పరీక్షకు లోనగుచున్నారో ఊహింపవచ్చును. గోదాములయందును కోల్డ్ స్టోరేజీల వసారాలయందును వరుసగా కూర్చుండి, తాలుకాయలను ఏరుచు, కాయల ముచ్చికలు తీయుచు దినము గడుపు ఆడకూలీలను చూడుడు. ముఖమునకు చీరకొంగు, చేతులకు పాతగుడ్డ, అంతే వారి రక్షణ. కొంగు ఎర్రని పెద్దధూళిని కొంత ఆపును గాని సూక్ష్మరేణువును ఆపజాలదు. తేజవంటి ఘాటైన రకము వచ్చిననాడు ఇంటికిపోయి స్నానముచేసినను చేతులమంట తగ్గక, పాలుత్రాగు బిడ్డను ఎత్తుకొనుటకే జంకు తల్లులు వారిలో కలరు. ముచ్చికలు తీసిన మిరపకు ధర హెచ్చు; ఆ హెచ్చులో గాలిని పీల్చి వెలికినెట్టు పంకాలకును, ముఖమునకు చక్కగా అమరు రక్షణ తొడుగులకును ఒక స్వల్పభాగము కేటాయించుట వ్యాపారులకు భారము కాజాలదు.

పత్తి మరియొక తీరుది. దాని ధూళి కన్నీరు తెప్పింపదు; కనుక దానిని ఎవ్వరును శంకింపరు. గుంటూరు, చిలకలూరిపేట, సత్తెనపల్లి ప్రాంతముల జిన్నింగు మిల్లులలో గింజనుండి దూదిని వేరుచేయు రోలర్ల ముందు నిలుచువారి తలలు, కనుబొమలు, బట్టలు తెల్లబడుట మనమెరిగినదే. ఆ తెల్లదనములో దూది నూగొక్కటే లేదు. ఎండుటాకుల పొడి, కాయ పెంకుల రజను, చేనిమన్ను, వానినంటియుండు సూక్ష్మక్రిముల విషపదార్థములు కలవు. ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రమజ్జీని 1700లో వృత్తులవలన కలుగు వ్యాధులనుగూర్చి గ్రంథము రచించుచు, జనుము, అవిసె నారలను చిక్కుతీయువారు దగ్గుతోను ఆయాసముతోను బాధపడుటను అప్పుడే గుర్తించెను. పిమ్మట నూలుమిల్లులు వెలసిన ప్రతి దేశమునను ఆ వ్యాధియే పత్తిలో కనబడెను. బిస్సినోసిస్ అని వైద్యులు దానిని వ్యవహరింతురు. దాని నడక వింతయైనది. ఆదివారము సెలవు గడచి, సోమవారమున పనిలోనికి వచ్చిన గంటలలో రొమ్ము బిగదీసికొనును, మంగళవారమునకు సర్దుకొనును, కొన్ని యేండ్లు గడచిన పిమ్మట మంగళవారమునను, బుధవారమునను ఉండును, ఆవల ఏ దినమునకు ఆ దినము బిగువే. మొదట పని మానిన తగ్గు వ్యాధి, కాలక్రమమున మానినను తగ్గనిదగును.

మన దేశములో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము యొక్క మూడవ షెడ్యూలులో, అధికారులకు తప్పక తెలుపవలసిన వ్యాధులలో ఒకటిగా ఈ వ్యాధిని చేర్చిరి. అమెరికాలో 1978లో నూలుమిల్లుల గాలికి ఘనమీటరునకు 200 మైక్రోగ్రాముల పత్తిధూళిని హద్దుగా విధించినపుడు, మిల్లుల యజమానులు ఈ భారము మోయలేమని సుప్రీంకోర్టు వరకు పోయిరి. 1981లో న్యాయస్థానము కార్మికుల పక్షమున తీర్పుచెప్పెను. పిమ్మట ఆ వ్యాధి అచ్చట అరుదైపోయినది. ఇచ్చట చట్టపు పుటలో వ్యాధి పేరున్నను, జిన్నింగు పనివారు ఆరేడు నెలలపాటు మిల్లులో పనిచేసి, తరువాత చెదరిపోవు కూలీలు. వారిలో పొరుగు రాష్ట్రములనుండి వచ్చినవారును కలరు. రోగము ముదిరిననాటికి వారు ఏ ఊర నుందురో, ఏ వైద్యుడు దానిని క్షయయనియో ఉబ్బసమనియో వ్రాసికొనునో ఎరుగువారెవరు? పనిలో చేరునపుడొకసారి, సీజను ముగియునపుడొకసారి ప్రతి పనివానిచేతను గొట్టములోనికి ఊదించి శ్వాసబలమును కొలుచు స్పైరోమెట్రీ పరీక్ష జరిపినచో చాలును. అది కొద్ది నిమిషముల పని.

ఇక మంటల సంగతి. మాఘ ఫాల్గుణముల సాయంకాలములందు నరసరావుపేటనుండి అద్దంకివైపు పోవువారికి దారికి ఇరుప్రక్కల చేలలో పొగలు సాగి, నేలమట్టమున తేలుచు, చల్లబడిన గాలిలో పైకి పోజాలక ఊళ్ళమీదికి వాలుట అలవాటైన దృశ్యము. ఆ పొగ పత్తికట్టెది, మిరపకంపది. ఆవల కృష్ణాడెల్టావైపు పోయినచో వరిగడ్డిది. ఈ మంటలు పెట్టువాడు రైతే గనుక దోషము రైతుదేయని తీర్పుచెప్పుట సులభము. కాని రైతెందుకు కాల్చుచున్నాడో విచారింపకుండ చెప్పు తీర్పు నాకు అన్యాయముగ కనబడుచున్నది.

సంకరజాతి పత్తి 1970 ప్రాంతమున దేశములో అడుగిడి, ఈ నల్లరేగళ్ళను క్రమక్రమముగా ఆక్రమించుటకు పూర్వము, ఇచ్చట జొన్నయు సజ్జయు వరిగయు మెండుగ పండెడివి. జొన్నచొప్ప పశువుల మేత. వరిగడ్డి పశువుల మేత. వామి లేని ఇల్లు లేదు. ఒంగోలు గిత్త పేరు ప్రపంచమంతట మారుమ్రోగుటకును, సముద్రముదాటి బ్రెజిలు దేశమున నెల్లూరు పేరుతో ఆ జాతి లక్షలకు లక్షలుగ పెరుగుటకును మూలము ఈ చొప్పయే. నాడు చేనినుండి ఇంటికి రానిదంటూ లేదు. ఇంటినుండి ఎరువై చేనికి తిరిగి పోనిదంటూ లేదు. పత్తివచ్చి జొన్నను తరిమెను. ట్రాక్టరు వచ్చి ఎద్దును తరిమెను. వరికోత యంత్రము వచ్చి గడ్డిని చేనంతట చిమ్మి, ఏరుకొనుటకు కూలి గిట్టని సరుకుగా మార్చెను. పత్తికట్టెను పశువు తినదు. ఎకరమునకు సుమారు ఒక టన్ను కట్టె నిలిచియుండగా, దానిని పెరికించుటకు కూలీలకు డబ్బు పెట్టవలె, మోయించుటకు బండికి డబ్బు పెట్టవలె. అగ్గిపుల్లకు మాత్రము ఖర్చులేదు. దీనికితోడు గులాబిరంగు కాయతొలుచు పురుగు మోళ్ళమీది విచ్చని ఎండుకాయలలో దాగియుండి మరుసటి పంటను పట్టును గావున, మోళ్ళను చేనిలో నిలువనీయవద్దని వ్యవసాయాధికారులే హెచ్చరించుచున్నారు. ఆ హెచ్చరిక సరియైనదే. దానిని పాటింపదలచిన చిన్నరైతు చేతిలోనున్న ఉపాయము నిప్పొక్కటే యగుట మన లోపము.

మరి వేరు ఉపాయములు లేవా? కలవు, వానిలో కొన్ని ప్రాతవే. కడపటి తీత కాగానే గొర్రెల మందలను చేనిలోనికి తోలినచో అవి ఆకును, విచ్చని కాయలను, వానితో పురుగును తినివేయును. మంద రాత్రి మకాము వలన ఎరువు లాభము. ట్రాక్టరునకు తగిలించు ష్రెడ్డరు యంత్రము నిలిచియున్న కట్టెను ముక్కలుచేసి నేలలో కలిపివేయును; నల్లరేగడికి ఆ సేంద్రియపదార్థము ఎంతో అవసరము. ముంబయిలో 1924లో స్థాపింపబడి, గుంటూరునందును శాఖగల కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ, పత్తికట్టెను ముక్కలుచేసి జిగురుతో అదిమి గట్టి బల్లచెక్కలు తయారుచేయవచ్చునని ఏనాడో నిరూపించినది. కట్టెను పొడిచేసి అచ్చుగ్రుద్దిన ఇటుకలు బాయిలరులలో బొగ్గునకు మారుగా పనికివచ్చును. విద్యుత్తు నుత్పత్తిచేయు కర్మాగారములును దానిని కొనగలవు. గాలి చాలినంత చొరనీయని గుంతలో కట్టెను నెమ్మదిగా మాడ్చినచో బొగ్గై, నేలకు తేమనిలుపు సాధనమగును. ఇవన్నియు తెలిసినవే, తెలియనిదేమన, రైతుచేనినుండి ఆ కర్మాగారపు గేటువరకు కట్టెను ఎవరు మోయుదురు, ఎవరి ఖర్చుతో మోయుదురు అనుటయే. ఈ ఒక్క ప్రశ్నకు సమాధానము లభించిననాడు సగము మంటలు ఆరిపోవునని నా దృఢవిశ్వాసము.

పొగ కనబడును, మందు కనబడదు. పత్తిమీదను మిరపమీదను చల్లు పురుగుమందులలో అధికభాగము నేలకును ఆకునకును చేరినను, కొంత తుంపర గాలితో పోవును. ప్రక్కచేనిలో కలుపుతీయు స్త్రీలు, గట్టుమీద చెట్టునీడ ఊయలలోనున్న పసివాడు దానిని పీల్తురు. మోనోక్రోటోఫాస్‌వంటి మందులు నాడులనుండి కండరములకు పోవు ఆజ్ఞలను తారుమారుచేయు విషములు. మందుకొట్టి వచ్చినవాడు తలతిప్పుచున్నదనియు, నోట నీరూరుచున్నదనియు, కన్ను మసకలు క్రమ్ముచున్నదనియు చెప్పినచో, అది ఎండదెబ్బయని మజ్జిగ త్రావించి పడుకొనబెట్టక, మందు డబ్బాతో సహా ఆసుపత్రికి చేర్పవలెను. అట్రోపిన్ అను ఇంజెక్షను వేళకు పడినచో ప్రాణము నిలువవచ్చును.

ఈ మందులకును వాయుకాలుష్య చరిత్రకును ఉన్న సంబంధము మనము తరచు మరచుచుందుము. 1984 డిసెంబరు 2, 3 తేదీల నడిమి రాత్రి భోపాలు నగరములో యూనియన్ కార్బైడ్ కర్మాగారమునుండి వెలువడి వేలకొలది జనులను బలిగొన్న మిథైల్ ఐసోసైనేట్ వాయువు, కార్బరిల్ అను పురుగుమందు తయారీకై నిలువచేయబడినది. సెవిన్ పేరుతో అమ్ముడైన ఆ మందు వాడుకలలో పత్తిపంట యొకటి. ఆ యేండ్లలోనే ఈ గుంటూరు, ప్రకాశం చేలమీద తెల్లదోమ విరుచుకొనిపడెను; సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులను మరలమరల కొట్టిన కొలది పురుగును తిను పురుగులు నశించి, తెల్లదోమయు శనగపచ్చ పురుగును మరింత చెలరేగెను; 1987-88లో పంటయు పోయి, మందుల అప్పును మిగిలి, పత్తిరైతులు ఆ మందునే త్రాగి ప్రాణములు తీసికొనిన దుర్దినములు వచ్చెను. దేశములో పత్తిరైతుల ఆత్మహత్యల కథ లోకమునకు మొదట తెలిసినది ఈ నేలమీదనే. గాలిలోనికి పోయిన విషమును, నేలలో దిగిన విషమును, ఇంట చొచ్చిన విషమును వేరుచేసి లెక్కించుట నాకు సాధ్యముకాకున్నది.

ఆ కాలముతో పోల్చినచో నేడు ఆశకు కారణములు కలవు. నాటి ఖమ్మము జిల్లాలోని పునుకుల గ్రామస్థులు వేపగింజల కషాయమును ఎరపంటలను నమ్ముకొని, ఊరంతయు ఒక్కటై పురుగుమందులను విడిచిపెట్టి చూపిరి. గుంటూరు కేంద్రముగా పనిచేయు రైతు సాధికార సంస్థ 2016నుండి ప్రకృతి వ్యవసాయమును పల్లెలకు కొనిపోవుచున్నది. నీమాస్త్రమను సహజమందును ఘనజీవామృతమను సహజ ఎరువును నేడు అనేక గ్రామములలో మహిళా సంఘములవారే తయారుచేసికొనుచున్నారు. మిరపకు తామరపురుగు దెబ్బ తగిలినయేట ఈ పద్ధతులమీద నమ్మకము నిలుపుకొనుట కష్టమే. దిగుబడి తగ్గిన మొదటి రెండేండ్లలో రైతునకు అండ కావలెను.

ప్రకాశము సీమలో పొగకును ధూళికిని ఇంకను రెండు మూడు తావులు కలవు. కందుకూరు, కొండపి, టంగుటూరు ప్రాంతములలో వర్జీనియా పొగాకును బ్యారన్లను గదులలో పొయ్యివేడిమితో ఆరబెట్టుదురు. ఆకు పసుపురంగు తేలి, ఆరి, ఈనె ఎండువరకు ఇంచుమించు వారము దినములు పొయ్యి ఆరరాదు. సరుగుడు, సుబాబుల్, తుమ్మ మొద్దులు కొండలుగా కాలిపోవును. బ్యారను గోడలకును కప్పునకును వేడిని వెలికిపోనీయని పొరలు వేసినచో కట్టెయు పొగయు రెండును తగ్గును. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు గనులలోను, కంకర క్రషర్లలోను నీరు చల్లకుండ రాతిని తొలుచుట, కోయుట శిక్షార్హము కావలెను. పల్నాటిలో పిడుగురాళ్ళ సున్నపు బట్టీల సంగతియు ఇట్టిదే.

అన్నింటికంటె చిన్నదిగా కనబడునట్టిది, అన్నింటికంటె నిత్యమైనది, ఇంటిలోని పొయ్యి. చేనిలో కాలగా మిగిలిన పత్తికట్టె మోపులై పెరటిలో చేరి, ఏడాది పొడుగునను పొయ్యిలోనికి పోవును. మిరపకంపకు అంటియున్న ఎండుకాయ ఒకటి రెండు నిప్పులో పడినచో ఇంటిల్లిపాదియు దగ్గుచు వెలికి పరుగెత్తుదురు. కాని పరుగెత్తరానిది ఒక్క వంటచేయు తల్లి, ఆమె చంకలోని బిడ్డ. కిటికీలేని వంటగదిలో కట్టెపొయ్యి మండుచున్నపుడు లేచు పొగ, నగరపు రోడ్డుకూడలిలోని గాలికంటె అనేకరెట్లు చిక్కనైనది. పసిపిల్లలలో న్యుమోనియా, స్త్రీలలో పొగత్రాగకయే వచ్చు దీర్ఘశ్వాసకోశ వ్యాధి, కంటిలో శుక్లము, తక్కువ బరువుతో పుట్టు శిశువు, ఇవి దాని ఫలములు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున దీపం పథకము మహిళా సంఘముల స్త్రీలకు గ్యాసు కనెక్షను ఇచ్చినపుడును, 2016లో కేంద్రము ఉజ్జ్వల పథకము తెచ్చినపుడును ఎన్నో ఇండ్లలో పొగ తగ్గినమాట నిజము. కాని బండ వచ్చుట ఒకటి, బండ నిండుట మరియొకటి. పెరటిలో ఖర్చులేని కట్టె ఉండగా, కూలిడబ్బుతో సిలిండరు తెప్పించుటకు మనసొప్పక, స్నానపు నీళ్ళకును పశువుల కుడితికిని అన్నమునకును కట్టెనే వాడి, చుట్టము వచ్చినపుడు టీకి మాత్రము గ్యాసు వెలిగించు ఇండ్లు మన పల్లెలలో నేటికిని మెండు. ఆ ఇల్లాలిని తప్పుపట్టుట ధర్మము కాదు. పొలము చిన్నదైన ఇంటికి సిలిండరు ధరలో సింహభాగమును ప్రభుత్వము ఎల్లకాలము మోయవలెను. ఆసుపత్రులపై పెట్టు ఖర్చులో అది తిరిగివచ్చును.

చట్టమునకు కొరతలేదు. 1981 నాటి వాయుకాలుష్య నివారణ చట్టము 19వ సెక్షను క్రింద, వాయుకాలుష్య నియంత్రణ ప్రాంతముగా ప్రకటించిన చోట ఇంధనము కాని వస్తువులను కాల్చుటను నిషేధించు అధికారము రాష్ట్రప్రభుత్వమునకు కలదు. అయినను పొలములో అగ్గిపుల్ల గీచిన ప్రతి చిన్నరైతునకు జరిమానా వేయుటవలన పగటి మంట రాత్రి మంటయగునే గాని ఆరిపోదు. ఈ విషయమున లండను నగరపు అనుభవము మనకు పాఠము కాదగినది. 1952 డిసెంబరు 5నుండి 9వరకు ఆ నగరముమీద బొగ్గుపొగ కదలక నిలిచిపోగా, నాలుగువేలమంది మరణించిరని నాడు లెక్కవేసిరి. తరువాతి పరిశోధకులు ఆ సంఖ్య పండ్రెండువేలకు చేరునని అంచనావేసిరి. ఆ పొగలో పెద్దపాలు కర్మాగారములది కాక ఇండ్లలోని చలిమంటలది. 1956లో పరిశుభ్ర వాయు చట్టమును తెచ్చినపుడు, పార్లమెంటు గృహస్థులను పొగబొగ్గు మానుమని ఆజ్ఞాపించుటతో ఊరకుండలేదు. పొగలేని ఇంధనమునకు తగినట్లు పొయ్యిలను మార్చుకొనుటకగు ఖర్చులో అధికభాగమును ప్రజాధనమునుండి ఇప్పించెను. నిషేధమును సహాయమును ఒకే కాగితముపై వ్రాసిరి గనుక ఆ చట్టము ఫలించెను. మన పత్తికట్టెకును ఈ న్యాయమే కావలెను. ప్రతి మండలమున అద్దెకిచ్చు ష్రెడ్డరులు, అవి తీత ముగియకముందే గ్రామమునకు చేరు ఏర్పాటు, మొదటి మూడేండ్లు ఉచితము, ఆ తరువాత నామమాత్రపు రుసుము, కట్టెను కొను కేంద్రములు. ఇవి ఏర్పడిన పిమ్మట కాల్చినవానిని అడుగు హక్కు ప్రభుత్వమునకు కలుగును.

మరియొక ముఖ్యవిషయము మిగిలినది. గాలిని కొలుచు యంత్రములు పట్టణములలోని కార్యాలయపు మేడలమీద ఉన్నవి. చెడినగాలి పీల్చువారు యార్డులోను మిల్లులోను చేలగట్లమీదను ఉన్నారు. కొలువబడనిది లెక్కకు రాదు. లెక్కకు రానిది బడ్జెటునకు రాదు. కావున మిరపయార్డు ఆవరణలో ఒక యంత్రమును, జిన్నింగు మిల్లులున్న ప్రతి పట్టణమున ఒకదానిని, పత్తికట్టె కాలు మాసములందు పల్నాటిలోను అద్దంకి సీమలోను కొన్ని గ్రామ పాఠశాలల ఆవరణలలో మరికొన్నింటిని కాలుష్య నియంత్రణ మండలివారు నెలకొల్పవలెనని ఈ ప్రసంగముద్వారా అభ్యర్థించుచున్నాను. వాని లెక్కలు కాగితములలో నిద్రింపక, రేడియోలోని రైతుల కార్యక్రమములో తేజ, బాడిగ రకముల ధరలను, మరునాటి వాతావరణ సూచనను చదువు వేళనే, ఆనాటి యార్డుగాలిలోని ధూళి ఇంతయని, నేడు పిల్లలను వృద్ధులను పొలముమంటల దరికి పోనీయవలదని, రేపు గాలి విసరును గనుక మందు కొట్టవలదని శ్రోతలకు చదివి వినిపింపవలెను.